నెత్తిన రెండు గీతలు

బందరు ప్రెస్సులో ప్రూఫులు దిద్దే రోజుల్లో నా ఎర్ర పెన్సిలంటే యముడికి కూడా హడలే. ఒకనాడు గుడివాడ బస్సులో వేదమంత్రాల ప్రూఫులు దిద్దుతున్నాను. గుడివాడలో దిగగానే అక్కడ అచ్చుకిచ్చేయాలి. అక్షరాల కింద అడ్డగీతలు, పైన నిలువుగీతలు ఉన్నాయి. కొన్నింటి నెత్తిన రెండేసి ఉన్నాయి. కంపోజిటర్ కునికిపాట్లనుకుని, రెండో గీతను లక్షా తొంభై చోట్ల కొట్టేశాను.

పక్క సీటు పెద్దాయన బస్సు అదిరేలా అరిచారు. "అయ్యయ్యో, వాటినెందుకు చంపుతున్నారండీ?"

"డబుల్ పడ్డాయండీ."

"డబులా, నా తలకాయా! కింద గీతుంటే గొంతు దించాలి. పైన ఒకటుంటే ఎత్తాలి. రెండుంటే ఎత్తి, దీర్ఘం తీయాలి."

"ఎంత దీర్ఘమండీ?"

పెడనలో బస్సాగింది. కండక్టర్ జనం కోసం "గుడివాడాాా!" అని కేకేశాడు. పెద్దాయన చూపుడువేలు ఆ కేకతో పైకి లేచి, అది ఆగేదాకా గాలిలోనే నిలిచింది.

"అదుగో, అంత!"

కొట్టేసిన ప్రతి గీత పక్కనా 'ఉంచాలి' అని రాయడం మొదలెట్టాను. బస్సు గుర్రంలా ఎగురుతుంటే ఆయన కాగితాలను తన ఒళ్లో అదిమిపట్టారు. గుడ్లవల్లేరు దాటాక కండక్టర్ పెద్దాయన దగ్గరికొచ్చాడు.

"మీ ఊరు దాటిపోయింది కదండీ!"

"ఊరెక్కడికీ పోదులేవయ్యా. మీరు రాయండి!"

చివరి గీత బతికేసరికి గుడివాడ వచ్చింది. ఆయన వెనక్కి వెళ్లే బస్సెక్కారు. పేరడగడం మరిచాను.

ఇప్పటికీ ఎవరైనా "గుడివాడా" అని కేకేస్తే, చివరి అక్షరం నెత్తిన నాకు రెండు గీతలు కనిపిస్తాయి. వేలు దానంతటదే లేస్తుంది.