గెడ ఎత్తిన టీచరుగారు

భీమడోలు నుంచి ఫోను వచ్చేసరికి నేను తాడేపల్లిగూడెంలో కాలేజీకి బయలుదేరుతున్నాను. "టీచరుగారు ప్రభువులో నిద్రించారండీ" అంది అవతలి గొంతు. చిన్నప్పుడు నాకు అక్షరాలు దిద్దించిన మనిషి. చావును నిద్ర అనడం ఆవిడకు నప్పలేదు. నాకు గుర్తొచ్చింది నెత్తురు.

కొల్లేటి ఒడ్డున ఆవిడ ఊళ్ళో చేపల చెరువులకు తెగులు తగిలి, కౌలుదార్లు చేతులెత్తేసిన ఏడాది కూలిపనులన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. రిటైరైన టీచరుగారు ఆడవాళ్ళను కూడగట్టి, వలలు అల్లించి, పాత దోనెలకు తారు పూయించి కొల్లేట్లోకి దింపారు. "ఎవరో బియ్యం పంచుతారని కూర్చోకండమ్మా. పంచేవాళ్ళు ఫొటో దిగి వెళ్ళిపోతారు" అనేవారు.

ఆ నీళ్ళు తనవేనంటూ ఒక కౌలుదారు మనుషుల్ని పంపాడు. ఆవిణ్ణి చూడ్డానికి వచ్చి, ఆ ఉదయం నేనూ ఒడ్డునే ఉన్నాను. కత్తులతో వలలు కోశారు. గొడ్డలితో ఒక దోనె అడుగు పగలగొట్టారు. అడ్డుపడిన ఆ దోనె ఆమెను ఒకడు జుట్టు పట్టి బురదలో ఈడ్చాడు. ఆ ఈడ్చినవాడు ఆ ఊరివాడే. చెరువుల పని పోయి కౌలుదారు దగ్గర కుదిరాడు. టీచరుగారి దగ్గర చదువుకున్నవాడు. ఆవిడ దోనె నడిపే వెదురు గెడ ఎత్తి వాడి నెత్తిన కొట్టారు. ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది. వాడు నీళ్ళలో పడ్డాడు, నీళ్ళు ఎర్రబడ్డాయి. మిగతావాళ్ళు పారిపోయారు. మొలలోతు నీళ్ళలోకి దిగి చొక్కా పట్టుకుని వాణ్ణి బయటికి లాగిందీ ఆవిడే.

ఏలూరు ఆసుపత్రిలో, కుట్లు పడ్డ తలతో వాడన్నాడు: "బళ్ళో బెత్తం సరిపోలేదాండీ?"

"అప్పుడే సరిగ్గా తగిలించుంటే ఇప్పుడీ పని పడేది కాదురా."

ఊరికి తిరిగొచ్చి, టీచరుగారు వాడి భార్యను కూడా పనిలో కలుపుకోమన్నారు. బురదలో ఈడ్పించుకున్నామె మండిపడింది.

"మా కడుపు కొట్టినోడి పెళ్ళానికి వాటా ఏంటండీ? నా దోనె ఎక్కనివ్వను."

"నీ దోనె పగిలిందిగా. ఇద్దరూ కలిసి బాగుచేసుకోండి. ఆ ఇంట్లో పొయ్యి వెలక్కపోతే వాడు మళ్ళీ కత్తి పడతాడు. నేనింకెన్నిసార్లు కొట్టనమ్మా?"

ఆమె విసురుగా వెళ్ళిపోయింది.

వాడు చచ్చిపోయి ఉంటే ఈ నాలుగు మాటలూ నేను రాసేదాన్నా? ఇప్పటికీ తేల్చుకోలేను. ఒకసారి ఆవిణ్ణే అడిగాను. "తప్పేనమ్మా. రోజూ ప్రార్థనలో ఒప్పుకుంటున్నాను. గెడ మాత్రం దగ్గరే పెట్టుకున్నాను" అన్నారు.

సమాధి చేసిన మర్నాటి ఉదయం ఒడ్డుకు వెళ్ళాను. అతుకులు వేసిన దోనెలో ఆ దోనె ఆమే, వాడి భార్యా ఉన్నారు. ఒకామె వల వదులుతోంది. ఇంకొకామె అడుగున ఊరుతున్న నీళ్ళను చెంబుతో తోడి పోస్తోంది.