అంజీరు పేరు

ట్రయాన్ మాస్టారు లాటిన్ పాఠాలు మానేసి ఏళ్లయినా చొక్కా జేబులో సుద్దముక్క మానలేదు. ఎవరి నోట ఏ మాట వచ్చినా దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పందే వదలరు. సాయంత్రమైతే పొరుగింటి ఆవ్రామ్ గ్లాసులో సారా నింపుతూ, "పోసింది కాదనకూడదోయ్" అనేవారు. ఆవ్రామ్ కాదనలేదు. కార్జం చెడి చచ్చిపోయాడు.

నలభయ్యోనాడు అతని పెళ్లాం స్టానా ఊరివాళ్లకి భోజనాలు పెట్టింది. పోయినవాడికి ఇష్టమైనది వండి పెడతారు. వచ్చినవాళ్లు తిన్నదే అతనికి చేరుతుందని, వద్దంటే చేరదని అక్కడి నమ్మకం. ఆవ్రామ్‌కి ఇష్టం బాతు కార్జం వేపుడు. మాస్టారు మొదటి ముక్క నమిలి, ఫోర్కు పైకెత్తారు.

"కార్జాన్ని మనం ఫికాత్ అంటాం కదా, ఆ మాట ఎలా పుట్టిందో తెలుసా? పాత రోమ్‌లో బాతుల గొంతులో అంజీరు పళ్లు కుక్కేవాళ్లు. కార్జం ఉబ్బి ఇంత లావయ్యేది. దాన్ని అంజీరు కార్జం అన్నారు. పోనుపోను కార్జం పేరు పోయి అంజీరు పేరే మిగిలింది. మన ఫికాత్, ఇటలీవాడి ఫేగతో, స్పెయిన్‌వాడి ఈగదో, అన్నీ ఆ అంజీరే."

స్టానా పెనం పట్టుకుని వచ్చి నిలబడింది.

"బాతు వద్దనేది కాదా మాస్టారూ?"

"గొంతు పట్టుకుంటే ఎలా అంటుందమ్మా" అని నవ్వారు ఆయన.

ఆమె వడ్డించింది. తిన్నారు. మళ్లీ వడ్డించింది. మూడోసారి ఆయన ప్లేటుకి చెయ్యి అడ్డం పెడితే, ఆ చేతిని మెల్లగా పక్కకి తీసింది.

"పెట్టింది కాదనకూడదు మాస్టారూ. మా ఆయనకి చేరొద్దూ?"

బల్ల చుట్టూ అందరూ చూస్తున్నారు. మాస్టారు తర్వాతి ముక్కకి నోరు తెరిచారు. పెనంలో ఇంకా సగం ఉంది.