చెప్పులకు కాపలా

ఆరేళ్లుగా నాకు కీళ్లవాతం. పది అడుగులు వేస్తే మోకాళ్లు మొరాయిస్తాయి. బెంగళూరు దగ్గరి ఆటల పార్కుకు పోదామని మా అన్న గార్లదిన్నెలో వ్యాను మాట్లాడినప్పుడు వదిన మొదట అన్న మాట: "నువ్వొచ్చి ఆడ ఏం జేస్తావ్ మే? ఇంటికాడే ఉండు."

పట్టుబట్టి బయలుదేరాను. జెయింట్ వీల్‌లో పక్కన కూర్చుంటానని నా కూతురికి మాటిచ్చాను. దాని బడిలో వార్షికోత్సవానికి పోలేదు, ఊరి తిరునాళ్లకు పోలేదు. ఈ మాట కూడా తప్పితే అది ఇక నన్ను దేనికీ పిలవదని నా భయం.

గేటు దగ్గర చక్రాల కుర్చీ ఇచ్చారు. కుర్చీలో ఉన్నవాళ్లకూ, వెంట వచ్చినవాళ్లకూ క్యూ లేదట, వేరే దారట. అంతే, అన్న ముఖం వెలిగిపోయింది. ఊళ్లో బరువనిపించిన నేను అక్కడ బంగారమైపోయాను! ప్రతి ఆట దగ్గరా నన్ను ముందుకు తోయడం, చెప్పులూ ఫోన్లూ బ్యాగులూ నా ఒళ్లో పడేయడం, వాళ్లు ఎక్కేయడం. మా వైపు గుడికి పోయినా అంతే, నడవలేనివాళ్లను చెప్పుల దగ్గర కూర్చోబెడతారు.

"నిన్ను పిల్చుకొచ్చింది మంచిదే అయినాది మే" అని వదిన నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నామీద నాకే ఒళ్లు మండుతుంది.

సాయంత్రం జెయింట్ వీల్ దగ్గరికి వచ్చాం. దాన్ని నడిపే మనిషి కన్నడంలో నన్నే అడిగాడు: మూడు మెట్లున్నాయి, ఎక్కగలరా, ఎంతసేపైనా ఆపుతాను. నేను జవాబు చెప్పేలోపే అన్న అడ్డం పడ్డాడు.

"నువ్వు యాడెక్కుతావు? పడితే ఎవురు జవాబు? బిడ్డను మాతో పంపు."

నా కూతురు కుర్చీ చెయ్యి వదల్లేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. రెండు చక్రాలకూ బ్రేకు వేశాను. ఇరుకు దారి, నన్ను దాటి ఎవరూ పోలేరు.

"పొద్దన్నుంచీ నా మోకాళ్ల పేరు చెప్పుకొని తిరిగినారు కదన్నా! ఇప్పుడు నేనూ నా బిడ్డా పోతాం. ఇవి మీరు పట్టుకోండి."

నా ఒళ్లో పడేసిన చెప్పులన్నీ అన్న చేతుల్లో పెట్టాను. వదిన ముఖం మాడిపోయింది.

మొదటి మెట్టు కమ్మీ పట్టుకుని ఎక్కాను. మిగతా రెండూ కూర్చుని, వెనక్కి జరుగుతూ. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ మనిషి మాత్రం తొందరపెట్టలేదు.

వీల్ పైకి లేచాక కిందికి చూశాం. ఖాళీ కుర్చీ పక్కన అన్న, వదిన, వాళ్ల చేతుల నిండా చెప్పులు.

"మా, దిగేదానికి మళ్లీ శానా సేపు పడ్తాది కదా? మామా అత్తా ఆడే నిలబడుకోనుండారు" అంది నా కూతురు, నా భుజానికి ఆనుకుని.

"పట్టనీలే" అన్నాను. "కాచుకోనీ."