కారు కింద బొట్టు

నేను ఇంకా కారు కింద దూరగలిగేంత చిన్నపిల్లగా ఉన్నప్పటి సంగతి ఇది. అప్పట్లో నాచారంలో మా గల్లీ మొత్తానికీ కారంటే మాదే. మాది అంటే మా నాన్న నడిపే టాక్సీ. నల్లటి ఒళ్లు, పసుపుపచ్చ పైకప్పు ఉన్న పాత అంబాసిడర్. ఇంటిల్లిపాదీ దాని మీదే బతికేవాళ్లం కాబట్టి అది కొంచెం దగ్గినా మా పొయ్యి గురించి మాకు భయం పట్టుకునేది.

పోయిన వారం మా అల్లుడు తన కారుకు ఆయిల్ ఎక్కడ మార్పించాలా అని ఫోనులో వెతుకుతున్నాడు. ఉప్పల్‌లో ఏ షాపుకు ఎన్ని స్టార్లు ఇచ్చారో, ఎవరు ఏం రాశారో మా అమ్మాయికి చదివి వినిపిస్తున్నాడు. ఆ మాటలు చెవిన పడగానే మా ఇంటి ముందు జరిగిన ఒక సాయంత్రం గుర్తొచ్చింది.

మా నాన్నకు ఎక్కడ మార్పించాలన్న ఆలోచనే ఉండేది కాదు. నాచారంలో రైలు పట్టాల దగ్గర ఒక రేకుల షెడ్డులో ముసలి మిస్త్రీ ఉండేవాడు. ఆయిల్ అయినా బ్రేకులైనా అక్కడికే. ఆయన నోరు మాత్రం మంచిది కాదు. బండి తెచ్చిన ప్రతివాడినీ తిట్టేవాడు. పొద్దున వదిలిన బండిని ఎండ దిగేదాకా ముట్టుకునేవాడు కాదు. నన్ను బడికి పంపలేదు కాబట్టి నాకు బోలెడంత తీరిక. నాన్న వెంట వెళ్లి, షెడ్డులో గొంతుక్కూర్చుని చూసేదాన్ని. మిస్త్రీ కారు కింద వెల్లకిలా పడుకుని ఒక పెద్ద నట్టు విప్పేవాడు. పాత ఆయిల్ నల్లటి జడలా జారుతూ గమేలాలో పడేది. అంతా కారిపోయాక నట్టు బిగించి పైనుంచి కొత్తది పోసేవాడు.

ఆ ఏడాది మా చిన్నత్తకు సంబంధం వచ్చింది. చిన్నత్త నాన్నకు చెల్లెలు. పెళ్లికొడుకు ఉప్పల్ చౌరస్తా దగ్గర కొత్తగా మోటారు షాపు పెట్టిన అబ్బాయి, మాకు దూరపు చుట్టం. తెల్లచొక్కా వేసుకునేవాడు. మాటకంటే ముందు నవ్వు వచ్చేది. బండి తెచ్చిన వాళ్లకు కుర్చీ వేసి, చల్లటి సోడా తెప్పించేవాడు. పెళ్లిచూపులకు వచ్చినప్పుడు నాకు కూడా బిస్కెట్ పొట్లం తెచ్చాడు. చిన్నత్త అవునని గానీ కాదని గానీ అనలేదు. కానీ ఆ వారమంతా గిన్నెలు తోముతూ కూనిరాగం తీసింది. మా ఇంట్లో అందరికీ అదే జవాబు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాన్న గుట్ట మీది గుడికి ఒక పెద్ద సవారీ ఒప్పుకున్నాడు. దూరం పోవాలి, ఆయిల్ మార్చాల్సిన వేళ దాటిపోయింది. ఇప్పుడు ఎక్కడికి తీసుకుపోవాలి? ఎన్నడూ లేనిది మా ఇంట్లో దాని మీద చర్చ జరిగింది. కాబోయే అల్లుడి షాపు ఉండగా పాత మిస్త్రీ దగ్గరికి పోతే అటువైపు వాళ్లు ఏమనుకుంటారో అని నాన్న భయం. అన్నేళ్లు చూసిన చేతిని వదిలేయడం కూడా ఆయనకు ఇష్టం లేదు. చివరికి, “మనోడు ఉండంగ పరాయోని తిట్లెందుకు తినాలె?” అన్నాడు.

నానమ్మ ఎప్పుడూ మిస్త్రీ పక్షమే. ఆయన తిట్లు కూడా ఆమెకు నచ్చేవి. ఆమె అడ్డుపడుతుందనుకున్నాం. ఆమె మాత్రం తాపీగా వక్క నములుతూ, “ఉప్పల్‌కే తీస్కపో. బండి ఇచ్చి వచ్చెయ్. పక్కన కూసొని జూడకు. కాబోయే అల్లుని మీద పారా కాస్తరా ఎవరన్న?” అంది. నాన్న ముఖం వెలిగిపోయింది.

పండగలకూ శుక్రవారాలకూ కారుకు పసుపు కుంకుమ పెట్టడం నానమ్మ పని. ఆ పొద్దున కూడా చక్రాలకూ స్టీరింగుకూ బొట్లు పెట్టింది. తరువాత నన్ను దగ్గరికి పిలిచి, మెల్లగా అడిగింది.

“బిడ్డా, ఆ నల్లనూనె యాడికెళ్లి కారుతది? నీకు ఎరుకేనా?”

నాకు తెలిసిన విషయం ఒకరు అడగడమే గొప్ప. కింద పెద్ద నట్టు ఉంటుందని చెప్పాను. ఆమె కుంకుమలో ఆముదం కలిపి ముద్ద చేసి నా చేతికిచ్చింది. “గుడ్డతోని మంచిగ తుడిచి, రూపాయంత బొట్టు పెట్టు. సగం నట్టు మీద, సగం పక్కన ఇనుము మీద” అని చెప్పింది. నేను గోనెసంచి మీద పాకుతూ కారు కింద దూరి, ఎంతో భక్తిగా పెట్టి వచ్చాను. కారుకు కడుపు చల్లగా ఉండాలని పెట్టిస్తోందనుకున్నాను. అంతకంటే ఇంకేం అనుకుంటాను?

సాయంత్రం కారును పెళ్లికొడుకే స్వయంగా నడుపుకుంటూ తెచ్చాడు. వాళ్ల అమ్మ కూడా పూలూ పండ్లూ పట్టుకుని దిగింది. మాట ఖాయం చేసుకోవడానికి వచ్చారు. కారు కొత్త పెళ్లికూతురులా తళతళలాడుతోంది. అద్దాలు తుడిచి, టైర్లకు నల్లరంగు కూడా పూయించాడు. నాన్న పైసలు ఇవ్వబోతే అతను చేతులు వెనక్కి పెట్టుకుని, “ఏంది బావా, నీ దగ్గర పైసలు తీసుకుంటనా? ఇజ్జత్ తీస్తవా?” అన్నాడు. అందరం నవ్వాం.

నానమ్మ అతన్ని పక్కన కూర్చోబెట్టుకుంది.

“పాత నూనె మస్తు ఖరాబైందా, బిడ్డా?”

“అయ్యో, అడగకు అత్తమ్మా! తారు లెక్క ఉండె. ఇంగో నాలుగు రోజులైతే ఇంజను జామైతుండె.”

“నువ్వే ఇప్పినవా, పనోళ్లా?”

“నా చేతులతోని ఇప్పిన. అత్తగారింటి పని పనోళ్లతోని జేపిస్తనా?”

వాళ్లమ్మ కొడుకు వైపు చూసి మురిసిపోయింది. తలుపు చాటున చిన్నత్త గాజుల చప్పుడైంది. నానమ్మ నా చెవి దగ్గర వంగి, “పోయి కారు కింద బొట్టు ఉన్నదో లేదో జూసి రా” అంది.

నేను పరిగెత్తాను. కారు కింద ఇంజను వేడి ఇంకా తగ్గలేదు. పాకుతూ వెళ్లి తల ఎత్తి చూస్తే నా బొట్టు! అంచు కూడా చెదరలేదు. సగం నట్టు మీద, సగం ఇనుము మీద, ఎర్రగా, గుండ్రంగా, నేను పెట్టింది పెట్టినట్టే ఉంది. మా ఇళ్లలో ఆడవాళ్లు దండం పెడితే పెద్దవాళ్లు దీవించేది ఏమని? బొట్టు చెదరకుండా ఉండమనే కదా. అంతకంటే మంచి కబురు ఇంకేముంటుంది? మోకాళ్లకు మట్టి, తలకు మసి పూసుకుని లోపలికి ఉరికి, గల్లీ అంతా వినబడేలా అరిచాను.

“నానమ్మా! బొట్టు గట్లనే ఉంది! ఇంతంత గూడ చెదరలే! నట్టు మీద ఎట్ల పెట్టిన్నో గట్లనే ఉంది!”

“శుభం! పిల్ల నోటెంట ఎంత మంచి మాట వచ్చింది” అంది పెళ్లికొడుకు తల్లి.

మా వాళ్లలో మాత్రం ఎవరూ నవ్వలేదు. నానమ్మ కళ్లు మూసుకుంది. నాన్న నన్నూ, పెళ్లికొడుకునూ మార్చి మార్చి చూశాడు. అన్నిటికంటే నన్ను భయపెట్టింది పెళ్లికొడుకు ముఖం. నవ్వు ఇంకా పెదాల మీదే ఉంది, కానీ ముఖంలో మిగతాదంతా ఎవరో తుడిచేసినట్టు పాలిపోయింది. నేను ఏదో ఘోరం చేశానని తెలిసింది. ఏం చేశానో తెలియలేదు.

నాన్న బయటికి వెళ్లి బానెట్ ఎత్తాడు. ఆయిల్ ఎంత ఉందో చూసే పుల్లను తీసి, తన తెల్ల రుమాలుకు తుడిచాడు. కొత్త ఆయిల్ అయితే తేనెరంగులో ఉండాలి, రుమాలు మీద మాత్రం నల్లగా గీత పడింది. ఆ రుమాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మా నాన్న కోప్పడటం చూశాను, అలిసిపోవడం చూశాను. కానీ దెబ్బ తిన్న పిల్లవాడిలా నోరు తెరుచుకుని నిలబడటం అదే మొదటిసారి చూడటం.

“పనోడు మర్చిపోయిండేమో, బావా” అన్నాడు పెళ్లికొడుకు.

“నీ చేతులతోని ఇప్పినంటివి గద, బిడ్డా” అంది నానమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. అది ఇంకా భయంగా ఉంది.

అప్పుడు వాళ్లమ్మకు విషయం అర్థమైంది. “గిదేం పరీక్ష వదినా? పసిపిల్లను బండి కిందికి తోలి పెండ్లికొడుకును పరీక్ష జేస్తరా ఎక్కడన్న? ఇన్ని నూనెచుక్కల కోసం ఆడపిల్ల బతుకు ఆగం జేస్తవా?” అని లేచింది.

“అవును, జేసిన. ఇయ్యాల్సింది నా బిడ్డను గద” అంది నానమ్మ.

నాన్న మెత్తబడటం నాకు కనిపించింది. గల్లీలో అందరికీ చెప్పుకున్నాం. చుట్టాలకు కబురు పోయింది. “పైసలు గూడ తీసుకోలే గదమ్మా. దీంట్ల మోసమేమున్నది?” అన్నాడు.

“తీరలేదు, రేపు జేస్త అంటే ఇప్పుడే పండ్లు అందుకుందును. చెయ్యలేదని గాదు నాయినా నా బాధ. తారు లెక్క ఉండె అన్నడు సూడు, గది. నూనెను కండ్లతోని జూడకుంటనే దాని రంగు జెప్పిండు.”

అందరూ తలుపు వైపు చూశారు, ఎందుకంటే ఇక చెప్పాల్సిన మనిషి అక్కడే ఉంది. చిన్నత్త చాయ్ కప్పుల పళ్లెం పట్టుకుని బయటికి వచ్చింది. ముందు వాళ్లమ్మ ముందు ఒక కప్పు పెట్టింది, తరువాత అతని ముందు. కొంగు సర్దుకుని, అతని వైపే చూస్తూ అంది.

“చాయ్ తాగి పోండ్రి.”

మా ఇళ్లలో ఎవరినీ పొమ్మనరు. పోయి రమ్మంటారు. పాలు పోసేవాడికైనా, అప్పు వసూలుకు వచ్చినవాడికైనా, చివరికి పోట్లాడి వెళ్లేవాడికైనా ఆ ‘రా’ తగిలించే పంపుతారు. ఆ చిన్నమాట అనకపోతే గుమ్మం మూసినట్టే. మా చిన్నత్త గొంతు పెంచలేదు, తిట్టలేదు. ఆ ఒక్క మాట తీసేసింది. పెళ్లికొడుకుకు అందరికంటే ముందు అర్థమైంది. కప్పు ముట్టుకోకుండా లేచి, చెప్పులు వెతుక్కున్నాడు. వాళ్లమ్మ పండ్ల బుట్ట ఎత్తుకుంది. వాళ్లు గల్లీ చివరిదాకా నడిచి వెళుతుంటే ఇరుగుపొరుగు తలుపుల్లో నిలబడి చూశారు.

అప్పుడు నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నేను అరవకపోతే చిన్నత్త పెళ్లి జరిగేది కదా అని. చిన్నత్త నన్ను నల్లా దగ్గర కూర్చోబెట్టి, సబ్బు రాసి మోచేతుల మసి వదిలిస్తూ, “ఏడ్చేదుంటే నేనేడ్వాలె గని, నడుమల నీకెందుకే?” అంది. నవ్వింది. నవ్వుతూనే ముఖం పక్కకు తిప్పుకుని నల్లా నీళ్లు కళ్లకు కొట్టుకుంది. ఆ వారం విన్న కూనిరాగం మళ్లీ చాలా కాలం వినపడలేదు.

నాన్న మర్నాడు తెల్లారగానే కారును రేకుల షెడ్డుకు తీసుకుపోయాడు. కబురు అప్పటికే అక్కడికి చేరింది. “రా అన్నా రా, పెండ్లోరింట్ల నూనె అయిపోయిందా?” అన్నాడట మిస్త్రీ. నాన్న తిట్లన్నీ పడి, ఆయిల్ మార్పించుకుని గుట్టకు వెళ్లి వచ్చాడు. చిన్నత్తకు తరువాత లాలాపేట్‌లో సంబంధం కుదిరింది. ఆమె భర్త గట్టిగా మాట్లాడే మనిషి, ఇద్దరూ రోజూ ఏదో ఒకటి వాదించుకుంటూనే పిల్లల్ని పెంచారు. ఉప్పల్ షాపు కూడా మూతపడలేదు. బాగానే నడిచిందని విన్నాను. అది కూడా నన్ను చాలా కాలం ఆశ్చర్యపరిచింది.

కానీ ఆ రోజు నన్ను అన్నిటికంటే ఎక్కువ కుదిపింది నానమ్మ మాట. ఎందుకు పెట్టిస్తున్నావో నాకు ముందే చెప్పొచ్చు కదా, ఆ బిస్కెట్ల ఆయన మంచివాడని నేను ఎంత సంబరపడ్డానో నీకు తెలుసు కదా అని వెక్కుతూ అడిగాను. ఆమె నా తల దువ్వుతోంది. దువ్వెన ఆపకుండానే అంది.

“గందుకే చెప్పలే బిడ్డా. తెలిస్తే నువ్వు గూడ జూసింది జెప్పక జర మింగుతుంటివి. నేను జూసినా జర మింగుతుంటినేమో. నా పిల్ల గూడ పాడుకుంట తిరుగుతుండె గద.”

ఆమె తన కళ్లను కూడా నమ్మలేదన్నమాట. అందుకే నన్ను పంపింది. పెళ్లికొడుకు అబద్ధం ఆడాడని తెలిసినప్పుడు కంటే, ఆ మాట విన్నప్పుడు నాకు ఎక్కువ దిమ్మ తిరిగింది.

అరవై దాటాక మా కాలనీలో ఒక టీచరమ్మ దగ్గర అక్షరాలు దిద్దుకున్నాను. మొదట్లో మేమంతా సగం మాట చూసి మిగతాది ఊహించి చదివేసేవాళ్లం. ‘మం’ కనపడగానే ‘మంచి’ అని హాయిగా అనేసేదాన్ని. వేలు జరిపి చూస్తే అక్కడ ‘మంట’ అని ఉండేది. మిగతావాళ్లు నవ్వేవాళ్లు. నాకు మాత్రం నవ్వు రాకపోగా ఒళ్లు జలదరించేది. ఉన్నదాన్ని కాక, ఉంటే బాగుండుననుకున్న దాన్ని చూడటం ఇంత తేలికా అని. ఇప్పుడు ఏది చూడాల్సి వచ్చినా, మనవరాలి సంబంధమైనా, డాక్టరు ఇచ్చిన కాగితమైనా, ముందు నాకు ఏం కావాలని ఉందో దాన్ని పక్కన పెట్టి చూడటానికి ప్రయత్నిస్తాను. అన్నిసార్లూ చేతకాదు. చేతకాదని తెలిసినప్పుడు నేను చూడను. దాని గురించి ఏమీ తెలియని ఎవరినైనా పిలిచి, వెళ్లి చూసి రమ్మంటాను.