సముద్రంలో కొట్టిన కొబ్బరికాయ

సముద్రం అడుగున గ్యాసు పడలేదని నన్ను పనిలోంచి తీసేశారు. నేను కొట్టిన కొబ్బరికాయ కుళ్ళిపోయి ఉండడమే కారణమన్నారు.

కాకినాడ నుంచి హెలికాప్టర్లో పోతే నీళ్ళ మధ్య ఇనుప కాళ్ళ మీద నిలబడి ఉండేది మా రిగ్గు. క్రేను ఎత్తే పైపులకు గొలుసులు కట్టడం నా పని. మా పురానాపూల్ గల్లీల నుంచి మనుషుల్ని తీసుకుపోయే కాంట్రాక్టరు ఒకడుండేవాడు, అతని మనిషిని నేను. కొత్త బావి తవ్వే ముందు, డ్రిల్లు నీళ్ళలోకి దిగకముందే, పనివాళ్ళలో పెద్దవాడు కొబ్బరికాయ కొట్టాలి. పై అధికారి ఏ దేశంవాడైనా ఆ పద్ధతి తప్పేది కాదు. పెద్దవాణ్ణి నేనే. హారతికి ఇత్తడి పళ్ళెం మా ఇంటి నుంచి పట్టుకెళ్ళాను. మా ఆవిడ పుట్టింటివాళ్ళు పెట్టిన పళ్ళెం అది. కాయ మాత్రం నాది కాదు. వంటింటి సరుకుల పడవలో, ఉల్లిగడ్డల బస్తాల కింద మగ్గి వచ్చింది. కొడితే నల్లటి నీళ్ళు కారాయి. బూట్లు విప్పి నిలబడ్డ ఇంజినీరు సాబుల్లో ఒక్కడూ నవ్వలేదు. అప్పుడే నాకు అర్థమై ఉండాల్సింది.

నెలల తరబడి తవ్వారు. ఉప్పునీళ్ళు తప్ప ఏమీ లేవు. బావిని సిమెంటుతో మూసేశారు.

నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆదివారాలు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొని, కొంత ఉర్దూలో, కొంత తెలుగులో చదువుకున్నాను. గ్యాసు రాళ్ళ కింద చిక్కుకుంటే ఉంటుంది, లేకపోతే పగుళ్ళలోంచి ఎప్పుడో పోతుంది. లోకంలో కొబ్బరిచెట్టన్నది పుట్టకముందే పోయిన గ్యాసుకు నేనా జవాబు చెప్పాల్సింది? ఈ సంగతి నాకంటే ఆ సాబులకే బాగా తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. అందుకే ఇప్పటికీ నా కడుపు మండుతుంది.

తర్వాతి బావికి నాకు పిలుపు రాలేదు. కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు మా గల్లీ పిల్లగాడే. వాళ్ళింటికే వెళ్ళి అడిగాను.

"నాదేముంది కాకా. నీ చెయ్యి మంచిగ లేదని రిగ్గు మీద అందరు అంటున్నరు."

"గొలుసు కట్టనీకె చెయ్యి గట్టిగుండాల్నారా, మంచిగుండాల్నా?"

"లొల్లి జెయ్యకు కాకా. ఛాయ్ తాగు."

తాగలేదు.

ఆ మాట రిగ్గు దిగి మా చుట్టాల దాకా వచ్చింది. చాంద్రాయణగుట్టలో మా తమ్ముడి కొడుకు టైర్ల దుకాణం తెరిచిన రోజు, ఇంటికి పెద్దవాణ్ణి కదా, కాయ కోసం చెయ్యి చాపాను. వాడి పెళ్ళాం ఆ కాయను వాళ్ళ నాన్న చేతిలో పెట్టింది. "నువ్వు కూసో పెద్దబాపు, నీ పానం మంచిగ లేదు గద" అంది. నాకు పడిశం కూడా లేదు. చాపిన చేతిని ఏం చేయాలో తెలియక తల గోక్కున్నాను.

మా ఆవిడ గోల వేరు. "నీ నౌకరి పోతే పోనియ్, నా పళ్ళెం ఏది?" అని రోజూ పోరు. పళ్ళెం రిగ్గు మీదే ఉండిపోయింది. ఇంకో బావికి పనికొస్తుందని వంటవాడు అట్టే పెట్టుకున్నాడు.

ఆ ఇంకో బావికి ఏరి తెచ్చిన కాయ కొట్టారు. కొట్టినవాడు వేరే. తెల్లగా, సరిగ్గా రెండు చిప్పలై పగిలిందట. ఆ బావిలోనూ ఏమీ పడలేదు. ఆ కబురు తెలిసిన రోజు నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. ఇక నా మీద వేసిన మాట వెనక్కి తీసుకోక ఏం చేస్తారు?

ఫోను చేస్తే సూపర్‌వైజరు ఎత్తడే! మొన్న ఎండాకాలంలో ఉస్మాన్‌గంజ్‌లో, బియ్యం బస్తాల మధ్య స్కూటరు ఇరుక్కుని దొరికాడు. హమాలీలందరూ వినేట్టు అడిగాను.

"ఇప్పుడు చెప్పురా. ఈసారి ఎవని చెయ్యి మంచిగ లేదు? నన్ను మళ్ళ పనికి ఎప్పుడు పిలుస్తవ్?"

వాడు హెల్మెట్ తీశాడు. నిజంగానే జాలిపడుతున్న మొహంతో చెప్పాడు:

"కాయ మంచిగనే పలిగింది కాకా. గానీ ఏం జేస్తం, హారతి మీ ఇంటి పళ్ళెంలనే ఇచ్చినం గద."