మూడోసారి అడగాలి

ప్రపంచ చరిత్రలో సంతకాలు పెట్టిన ఒప్పందాలు చాలావరకు చిరిగిపోయాయి. మా మినియాపొలిస్‌లో ఎవరూ సంతకం పెట్టని ఒప్పందం ఒకటి మాత్రం మంచుతుఫాన్లకీ, యుద్ధాలకీ, ఎన్నికలకీ చెక్కుచెదరకుండా నిలబడింది. ఎవరైనా ఏదైనా ఇస్తామంటే మొదటిసారి వద్దనాలి. రెండోసారీ వద్దనాలి. మూడోసారి అడిగితే, "సరే, మీరింతగా అంటున్నారు కాబట్టి" అని పుచ్చుకోవాలి. కాఫీకైనా కిడ్నీకైనా ఇదే పద్ధతి. మొదటిసారే సరే అనేసినవాణ్ణి పరాయి రాష్ట్రం వాడిగా గుర్తించి క్షమించేస్తాం.

ఈ ధర్మాన్ని అక్షరాలా పాటించినవాడు లీలండ్ టోర్విక్. రంగుల కంపెనీలో రంగులు కలుపుతూ తల నెరిపించుకున్నాడు. పెళ్ళాడలేదు. ఒకావిడ రెండుసార్లు సూచనగా అడిగిందని చెప్పుకుంటారు, నిజమెంతో తెలియదు. కంపెనీ మూతపడ్డాక అతనికి మిగిలింది ఇద్దరు స్నేహితులు: అక్కడే లెక్కలు చూసిన మార్లిస్, లారీలు పంపిన కర్ట్. నెలకోసారి ముగ్గురూ ఊళ్ళో కొత్తగా తెరిచిన రెస్టారెంటు ఏదో చూసుకుని భోంచేస్తారు. మిగతా రోజుల్లో లీలండ్ ఇంట్లో మాట్లాడేది రేడియో. వాతావరణం చెప్పేటప్పుడు అతను దానికి జవాబు కూడా ఇస్తుంటాడు.

ఫిబ్రవరి భోజనం ఇంకా రెండు రోజులుందనగా ఆస్పత్రి నర్సు ఫోన్ చేసింది. సోమవారం అతనికి పెద్దపేగు పరీక్ష. ముందురోజంతా విరేచనాల మందు తాగాలి. మత్తు ఇచ్చి చేస్తారు.

"అయ్యాక మిమ్మల్ని ఇంటికి తీసుకెళ్ళడానికి మీ మనిషి ఒకరు రావాలండీ. ట్యాక్సీలో వెళ్తానంటే కుదరదు. మనిషి లేకపోతే పరీక్షే చెయ్యం."

"ఉన్నార్లెండి," అన్నాడు లీలండ్.

ఎవరున్నారన్నది గురువారం భోజనంలో తేలాలి. స్నేహితులే కదా, ఫోన్ చేసి అడిగేయొచ్చు. కానీ అడగడం మర్యాద కాదు. సంగతి బల్ల మీద పెట్టాలి. వాళ్ళంతట వాళ్ళే వస్తామనాలి. తను రెండుసార్లు కాదనాలి. ఇదంతా తీరిగ్గా జరగాల్సిన పని.

ఈసారి రెస్టారెంటు పాత పిండిమర గిడ్డంగిలో పెట్టారు. ఇటుక గోడలు, తీగలకు వేలాడే బల్బులు, ఎదుటి మనిషి మొహం కనిపించీ కనిపించని వెలుతురు. అందరూ వస్తేగానీ కూర్చోబెట్టరు కాబట్టి, ఎప్పట్లాగే ముందొచ్చిన లీలండ్ కోట్లు తగిలించే చోట, తనూ ఒక కోటులాగే నిలబడ్డాడు.

మొదటి పళ్ళెం ఖాళీ అయ్యాక గొంతు సవరించుకున్నాడు.

"సోమవారం నాకు చిన్న పరీక్ష ఉంది."

"ఏ సబ్జెక్టు?" అన్నాడు కర్ట్.

"పెద్దపేగు."

"అబ్బో! అయితే ఆదివారమంతా సింహాసనం దిగవన్నమాట. రాజ్యం జాగ్రత్తరోయ్!"

"నోర్మూసుకో కర్ట్, తింటున్నాం," అని కసిరి, మార్లిస్ లీలండ్ వైపు వంగింది. "మత్తిస్తారుగా? ఇంటికెవరు తీసుకొస్తారు? నేను రానా?"

లీలండ్ మనసు కుదుటపడింది. పని మొదలైంది.

"అబ్బే, నీకెందుకు శ్రమ."

"శ్రమేముందయ్యా? సోమవారం ఖాళీగానే ఉన్నా. వస్తాను."

"వద్దులే మార్లిస్. ఈ మంచులో అంత దూరం."

మార్లిస్ ఊపిరి తీసుకుంది. నోరు తెరిచింది.

సరిగ్గా అప్పుడు వడ్డించే అమ్మాయి నల్లగా కాల్చిన క్యాబేజీ తెచ్చి బల్ల నడుమ పెట్టింది.

"దీని గురించి కొంచెం చెప్పనాండీ?"

"చెప్పమ్మా," అన్నాడు కర్ట్, ఏం చేస్తున్నాడో తెలియక.

ఆ అమ్మాయి చెప్పింది. అది పుట్టిన పొలం, పెంచిన దంపతుల పేర్లు, పొగలో అది గడిపిన కాలం, మీద కరిగిన వెన్న ఏ ఆవుదో, ఆ ఆవు ఏ గడ్డి మేసిందో. లీలండ్ ఓపిగ్గా విన్నాడు. అతని గురించి ఎవరూ అంతసేపు మాట్లాడింది లేదు.

ఆమె వెళ్ళాక కర్ట్, "దీన్ని నాకన్నా బాగా పెంచార్రా," అన్నాడు. మార్లిస్ కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది. క్యాబేజీ మీంచి మాట ఆవుల మీదికి, ఆవుల మీంచి చెరువుగట్టున కర్ట్ కట్టుకున్న ఇంట్లో గడ్డకట్టిన నీళ్ళ గొట్టం మీదికి పోయింది.

లీలండ్ దాన్ని వెనక్కి మళ్ళించబోయాడు.

"సోమవారం మంచు పడుతుందట."

"పడనీ. నేనెక్కడికీ పోను," అన్నాడు కర్ట్.

"ఆస్పత్రి పక్క రోడ్డు తవ్వేశారట."

"ఊళ్ళో తవ్వని రోడ్డేదయ్యా?" అంది మార్లిస్. ఆ తవ్వకాల మీద వాళ్ళిద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. చేప వచ్చింది, దాని చరిత్రా వచ్చింది. లీలండ్ తల ఊపుతూ తిన్నాడు. రుచిగానే ఉందన్నాడు.

బయట చలికి కర్ట్ ముందే కారెక్కేశాడు. మార్లిస్ లీలండ్‌ను కావిలించుకుని, "సోమవారానికి ఎవరో ఒకరున్నారుగా?" అంది.

లీలండ్ ఆలోచించాడు. ఇది మూడోసారి అడగడం కిందికి వస్తుందా? ఎటు తిప్పి చూసినా వాకబు చేసినట్టుందే గానీ, వస్తానన్నట్టు లేదు.

"ఉన్నార్లే," అన్నాడు.

"హమ్మయ్య," అంది మార్లిస్.

శుక్రవారం పొద్దున లీలండ్ ఆస్పత్రికి ఫోన్ చేసి, పరీక్షను మే నెలకు మార్పించుకున్నాడు.