బూడిదతో తోమిన వాల్వులు

పాట వినాలంటే ముందు పెట్టె వేడెక్కాలి, అది వేడెక్కేదాకా మనుషులు దాని ముందు ఓపిగ్గా కూర్చోవాలి. నేను కొత్త కోడలిగా రాయ్‌పూర్ వచ్చిన కాలం అలాంటిది, పిల్లలూ. వేలితో ఒక్క తట్టు తట్టగానే పాట వచ్చేసే మీకు ఇదంతా వింతగా ఉంటుంది. నాకు మాత్రం వింతంతా ఆ పెట్టెలోనే ఉండేది. బొబ్బిలి దగ్గర మా ఊళ్ళో అప్పటికి కరెంటున్న ఇళ్ళు నాలుగైదు. రోజూ సాయంత్రం లాంతరు గ్లాసులు తుడవడం నా పని. లోపలికి ‘హా’ అని ఊది, మెత్తటి బూడిద అద్దిన గుడ్డతో తిప్పి తిప్పి తోమితే గ్లాసు ఉందో లేదో తెలియనట్టు మెరిసేది. (పెళ్ళిచూపుల్లో ‘పిల్లకి పాటొచ్చా’ అని అడిగితే మా అమ్మ, ‘పాట రాదు గానీ లాంతర్లు బాగా తుడుస్తుందండీ’ అంది. అయినా మీ తాత నన్నే చేసుకున్నాడు. ఆయన ధైర్యం ఆయనది.)

రైల్వే క్వార్టర్లో మేం ముగ్గురం. మీ తాత, మావయ్యగారు, నేను. మావయ్యగారు ముప్ఫై ఏళ్ళు బొగ్గింజన్లు నడిపి రిటైరయ్యారు. ఆ మోతకి ఆయన చెవులు మందగించాయి. నా గొంతు సంగతి మీకు తెలిసిందే, పక్కనున్నవాళ్ళకే సగం వినపడదు. ‘అన్నం వడ్డించనా మావయ్యగారూ’ అని నేనంటే ఆయన గుమ్మం వైపు చూసి ‘ఎవరొచ్చారు?’ అనేవారు. ఎనిమిది నెలలు ఒక్క కప్పు కింద అలాగే కాపరం చేశాం. మధ్యలో మీ తాత దుబాసీ. అలాంటి మావయ్యగారికి ఒకే ఒక్క ఆశ ఉండేది, వీణ. చిన్నప్పుడు రెండేళ్ళు నేర్చుకున్నారట, తరవాత రైల్వేలో ఉద్యోగం వచ్చి చేతికి బొగ్గుపార దొరికింది. ఇంట్లో ఒక వీణ రికార్డు ఉండేది. దాన్ని వినడానికి ఉన్నది మాత్రం శ్రీరామనవమి పందిట్లో మైకుకి వాడి వాడి అలిసిపోయిన పాత వాల్వు యాంప్లిఫయర్. ఆదివారం ఆదివారం దానికి చెవి ఆనించి కాసేపు వినేవారు, విసుక్కుని లేచిపోయేవారు.

“గట్టిగానే వినబడతందిరా. గానీ వీణ నేదు. డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుంది.”

ఎలాగైనా ఆ పెట్టె చేత వీణ పలికించాలని మీ తాత పట్టు పట్టాడు. ఊరి చివర టాటీబంధ్‌లో లారీల హారన్లు, రేడియోలు బాగుచేసే ఒక ముసలాయన ఉండేవాడు. అందరూ వాల్వ్ చాచా అనేవాళ్ళు. ఆయన ఇంటికొచ్చి పెట్టె తెరిచి, చెవి పెట్టి విని, “ఇస్ మే హమ్ హై. బహుత్ భారీ హమ్ హై” అన్నాడు. నాకు అప్పటికి వచ్చిన హిందీలో ‘హమ్’ అంటే మేము. ‘ఇందులో మేమున్నాం, చాలా బరువుగా ఉన్నాం’ అంటున్నాడు కాబోలని బెదిరిపోయి వంటింట్లోకి వెళ్ళిపోయాను. (ఆ హమ్ అంటే పెట్టెలో తుమ్మెదలా మోగే రొద అట. నాకు తెలియడానికి నెల పట్టింది.) చాచా పాత కండెన్సర్లన్నీ పీకేశాడు. పన్నెండు రోజులు కూర్చుని కొత్త ట్రాన్స్‌ఫార్మరు తన చేత్తో చుట్టాడు. టేకు చెక్కతో స్పీకరు పెట్టె చేయించాడు. ఇక వాల్వులు, అంటే లోపల వేడెక్కి వెలిగే గాజు బుడ్లు, మార్చడమే మిగిలింది.

ఆ శనివారం పొద్దున్న మావయ్యగారు కాఫీ గ్లాసు కింద పెట్టి తేల్చి చెప్పేశారు. “ఒరే, రేపు కూడా అదే గోలైతే పెట్టెనీ రికార్డునీ కలిపి పాతసామాన్ల కబాడీవాడికిచ్చేయి. నానిక వినను. ప్రతివారం ఆశపడి కూర్చుని, విసుక్కుని లేవడం నా వల్ల కాదు.”

మీ తాత, చాచా పరీక్ష చేసిచ్చిన నాలుగు వాల్వుల్ని అలమరలో దూదిమీద పడుకోబెట్టి, నాతో “జాగర్తే, చూస్తూండు” అని డ్యూటీకి వెళ్ళాడు. చూస్తూండమన్నాడు కదా, చూశాను. చిన్న చిన్న లాంతరు గ్లాసుల్లా ఉన్నాయి. ఒక్కోదాని నెత్తిన లోపల నల్లగా మసి, పక్కన సుద్దతో గీసినట్టు ఏవో తెల్ల మరకలు. ఇంత ముఖ్యమైన పనికి ఇంత మురికి గ్లాసులా అని నాకు మనసొప్పలేదు. ‘హా’ అని ఊది, బూడిద గుడ్డతో మొదలుపెట్టాను. మరకలు రెండు తోముళ్ళకి వదిలాయి. మసి మాత్రం ఎంత తోమినా పోలేదు. (అది మసి కాదు, వాల్వు లోపలి వెండి పూతట. ఎలా పోతుంది!)

సాయంత్రం మీ తాత వచ్చి అలమర తెరిచాడు.

“ఏమే, వీటిమీద నంబర్లేవీ?”

“ఆ సుద్ద మరకలాండీ? అబ్బ, ఎంత మొండివో! రెండుసార్లు తోమితే గానీ పోలేదు.”

ఆయన చెప్పులైనా విప్పకుండా నేలమీద కూర్చుండిపోయాడు. నాలుగింటిలో ఒకటి పొట్టిది, అది తెలిసిపోతుంది. మిగిలిన మూడూ ఒకే పోలిక. వాటిలో రెండు పాటకి, ఒకటి కరెంటుకి. తారుమారైతే చాచా చుట్టిన ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది, దాంతో మావయ్యగారి వీణ కూడా. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని రాత్రంతా అనుకున్నాను.

ఆదివారం తెల్లారగానే డిసెంబరు మంచులో సైకిలు మీద టాటీబంధ్ బయల్దేరాం. వాల్వులు నా ఒళ్ళో, నా పెళ్ళి పట్టుచీరలో చుట్టి ఉన్నాయి. చాచా మూట విప్పి కళ్ళు చిట్లించాడు.

“అరే బాబూ! కిస్ నే నహలాయా ఇన్ కో?”

వీటికి స్నానం ఎవరు చేయించారని! మీ తాత నావైపు చూడకుండానే నన్ను చూపించాడు. చాచా పొట్ట పట్టుకుని నవ్వాడు. కళ్ళలో మోతియాబింద్ రాకపోయుంటే లోపలి రేకులు చూసే ఏది ఏదో చెప్పేసేవాణ్ణన్నాడు. శుక్లాలన్నమాట. నాకు ఏడుపొచ్చేసింది. అది చూసి ఆయన నవ్వాపి, ఒక వాల్వు నా చేతిలో పెట్టాడు.

“రోనా నహీ, బహూ. నంబర్ గయా నహీ హై. సోయా హై.”

నంబరు పోలేదమ్మా, నిద్రపోతోంది అంతే, అన్నాడు.

“ఫూంకో. ధీరే సే. మేరే మూఁ మే తో పాన్ హై.” తన నోట్లో పాన్ ఉందట, నన్నే మెల్లగా ఊదమన్నాడు.

ఊదాను. చలికి గాజు మీద తెల్లగా ఆవిరి పట్టింది. ఆ ఆవిరిలో, నేను బూడిదతో తోమి తోమి ఏమీ లేకుండా చేసిన చోట, ఎనిమిది అంకె మెల్లగా లేచింది. దాని పక్కన నాలుగు. క్షణం నిలబడి కరిగిపోయాయి. దేవుడి గది బయట ఎక్కడా నాకు అంత భయం, అంత భక్తి కలగలేదు. రెండోదీ ఎనభై నాలుగే. మూడోదానిమీద ఎనిమిది లేచింది గాని, రెండో అంకె లేవలేదు. మళ్ళీ ఊదాను. లేవలేదు. “ఇంకొక్కసారే” అన్నాడు మీ తాత, పెన్సిలు పట్టుకుని. ఈసారి ఊపిరంతా పోసి ఊదాను. సన్నగా, వెంట్రుకలా, ఒక నిలువు గీత. ఎనభై ఒకటి!

“యహీ హై కరంట్ వాలా!” అని చాచా అరిచిన అరుపుకి బయట లారీ క్లీనర్లు తొంగి చూశారు.

ఇంటికొచ్చేసరికి మావయ్యగారు స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. చలికి కిటికీలు మూసే ఉన్నాయి. మీ తాత వాల్వులు బిగించి స్విచ్చేశాడు. మసక గదిలో ఒక్కొక్కటే ఎర్రగా నిప్పు రాజుకున్నట్టు వెలిగాయి. రొద లేదు, చిటపటలు లేవు. పెట్టె అసలు లేనట్టే ఉంది. ముల్లు రికార్డుమీద పెట్టాడు. వీణ కంటే ముందు, వాయించేవాళ్ళ గాజు వీణ చెక్కకి తగిలి ‘టక్’మన్న చిన్న చప్పుడు వినబడింది. తరవాత ఒక ఊపిరి. అంతదూరాన, ఎప్పుడో, ఎవరో ఒకావిడ వాయించబోతూ తీసిన ఊపిరి మా ముందుగదిలోకి వచ్చింది. ఆ తరవాత తీగ పలికింది. మావయ్యగారి వేళ్ళు తొడమీద కదలడం మొదలెట్టాయి. మొదట్లో తప్పుగా, తరవాత సరిగ్గా. నేను గోడకానుకుని అలాగే ఉండిపోయాను. చాలాసేపటికి ఆయన కళ్ళు మూసుకునే అన్నారు.

“ఏట్రా ఇది! ఎంత సుబ్బరంగా ఉందిరా!”

మా వైపు ‘సుబ్బరం’ అంటే ఎంత బాగుందీ అని కూడానని నాకు తెలియక కాదు. తప్పు చేసిన మనసుకి ‘శుభ్రం’ అన్న ఒక్క అర్థమే వినబడింది. ఈయనకి తెలిసిపోయిందనుకున్నాను. వీణమీంచి వినపడాలని, ఉన్న బలమంతా కూడదీసి అరిచాను.

“బూడిదతో తోమానండీ మావయ్యగారూ! రెండుసార్లు తోమాను! నంబర్లు పోయాయి, తప్పు నాదేనండీ!”

నా ఖర్మకి సరిగ్గా అప్పుడే రికార్డు ఆ పక్క అయిపోయింది. నిశ్శబ్దంలో నా కేక ఒక్కటే మిగిలింది. మీ తాత ముఖం కప్పుకున్నాడు. మావయ్యగారు కళ్ళు తెరిచి గుమ్మం వైపు చూశారు, ఎవరూ లేరు. తరవాత నావైపు తిరిగారు.

“అమ్మాయా! నీ గొంతు ఇలాగుంటాదా అమ్మా?”

జరిగినదంతా మళ్ళీ మొదట్నించీ చెప్పించుకున్నారు. అంకెలు లేచిన చోటు వచ్చేసరికి చిన్నపిల్లాడిలా ముందుకి వంగి, “మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు” అన్నారు. ఆ రోజునించీ నేను మాట్లాడబోతే కుర్చీ దగ్గరకి లాక్కునేవారు, దుబాసీని పిలవడం మానేశారు. ఇప్పుడు మీరు ఫోను చేసి ‘నాన్నమ్మా, వినబడట్లేదు, కాస్త గట్టిగా’ అంటారు. ఏం చెయ్యను నాన్నా, జీవితంలో నేను గట్టిగా మాట్లాడింది ఆ ఒక్కసారే. అదీ ఎవరూ అడక్కుండానే నేరం ఒప్పుకోవడానికి.